ఎముకకు పట్టిన చీము

(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "సార్, ఈసారి గుండె, బీపీ వద్దండి, ప్రతి ఏడూ వింటున్నాం. మీ ఎముకల గురించే ఏదైనా చెప్పండి" అన్నారు. మోకాళ్ళ నొప్పుల గురించి చెబుతాననుకుని ఉంటారు. నేను ఎంచుకున్నది వేరే. ఎముకలో చీము పట్టడం గురించి. ఆస్పత్రి కాగితాల మీద దీన్ని ఆస్టియోమైలైటిస్ అని రాస్తారు. ఆ పేరు ఎక్కడైనా కనిపిస్తే ఇదేనని తెలిస్తే చాలు, నేను మళ్ళీ ఆ మాట వాడను.

ముప్పై ఏళ్ళకు పైబడిన సర్వీసులో విరిగిన ఎముకలు లెక్కలేనన్ని చూశాను. విరిగిన ఎముకను చూసి ఎన్నడూ భయపడలేదు. దానికి దారి తెలుసు, అతుక్కోవాలని దానికీ ఉంటుంది. చీము పట్టిన ఎముక అలా కాదు. అది మనతో దాగుడుమూతలు ఆడుతుంది. అందుకని మొదట నా తప్పు దగ్గరే మొదలుపెడతాను.

1981 సంగతి. అప్పటికి నేను ఎముకల స్పెషలిస్టును కాను, ఒక బెటాలియన్‌లో ఆర్.ఎం.ఓ.ని. ఒక సాయంత్రం ఫ్యామిలీ క్వార్టర్స్ నుంచి ఒక నాయక్ ఎనిమిదేళ్ళ కొడుకును భుజాన వేసుకుని ఎం.ఐ. రూమ్‌కు వచ్చాడు. నెల్లూరు వైపు మనిషి. వెనకే అతని భార్య. "డాక్టర్ గారూ, నిన్న ఆడుకుంటూ పడ్డాడండి. రాత్రి నుంచి కాలు నేలకు ఆనించనంటున్నాడు" అంది. జ్వరం చూస్తే 101. మోకాలికి కాస్త పైన నొప్పి. "పడ్డాడు" అన్న మాట నా చెవిలో పడింది, ఇక వేరే ఆలోచన రాలేదు. మర్నాడు దగ్గర్లోని ఆస్పత్రికి పంపి ఎక్స్-రే తీయిస్తే ఎముక శుభ్రంగా ఉంది. బెణుకే అని తేల్చి క్రేప్ బ్యాండేజ్ చుట్టి, జ్వరం మాత్ర ఇచ్చి పంపాను. ఆ తల్లి గుమ్మం దగ్గర ఆగి, "దుప్పటి తగిలినా ఏడుస్తున్నాడండీ" అంది. "పిల్లలంతా అంతేనమ్మా" అన్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ వినపడుతూ ఉంటుంది.

ఆ మర్నాటికి జ్వరం 104. వన్-టన్ బండిలో నాలుగు గంటల ప్రయాణం. అక్కడి సర్జన్ గారు పిల్లవాణ్ణి చూసి నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "వీడికి ఈ మధ్య ఒంటి మీద ఎక్కడైనా గడ్డ లేచిందా?" నేను అడగలేదు కాబట్టి నాకు తెలియదు. తల్లిని అడిగితే, పది రోజుల కిందట పిరుదు మీద సెగగడ్డ లేచిందనీ, పసుపు రాస్తే చితికి పోయిందనీ చెప్పింది. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. తొడ ఎముక పైపొర కింద నుంచి చీము ఒత్తిడితో ఎగజిమ్మింది. పిల్లవాడు బతికాడు, కాలూ దక్కింది. అయితే ఎముక పెరిగే చోటు దెబ్బతినడంతో పద్నాలుగేళ్ళ వయసుకు ఆ కాలు మూడున్నర సెంటీమీటర్లు పొట్టి అయింది. కొడుకును తన రెజిమెంట్‌లోనే చేర్పించాలని ఆ నాయక్ కోరిక. అది జరగలేదు. ఆ పిల్లవాడు ఇప్పుడు యాభై దాటిన మనిషి, ఎత్తు మడమ బూటుతో నడుస్తాడు. నన్ను చూస్తే ఇప్పటికీ "సార్" అని లేచి నిలబడతాడు. ఆ లేవడం చూడలేను.

సెగగడ్డకూ తొడ ఎముకకూ ఏమిటి సంబంధం అంటారా? గడ్డలో ఉన్న స్టఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి రక్తంలోకి దిగుతుంది. పెరిగే పిల్లల ఎముకల చివర్లలో, అంటే మోకాలి పైన, కింద, తుంటి దగ్గర, సన్నని రక్తనాళాలు చటుక్కున మలుపు తిరుగుతాయి. అక్కడ రక్తం నిదానిస్తుంది. కాలవ మలుపులో ఒండ్రు దిగినట్లు సూక్ష్మజీవులు అక్కడ దిగిపోతాయి. చిన్న దెబ్బ తగిలితే ఆ చోటు వాటికి మరింత అనుకూలం. కాబట్టి ఆ తల్లి "పడ్డాడు" అన్నది అబద్ధం కాదు, కథలో సగం మాత్రమే.

తర్వాత జరిగేది తెలిస్తే తొందర ఎందుకో అర్థమవుతుంది. కండలో చీము పడితే కండ ఉబ్బుతుంది. ఎముక ఉబ్బలేదు. గట్టి గొట్టంలో చీము నిండితే ఒత్తిడి పెరిగి, ఎముకకు రక్తం తెచ్చే నాళాలు నొక్కుకుపోతాయి. రక్తం అందని ముక్క చచ్చిపోతుంది. ఈ చచ్చిన ముక్కే మొత్తం కథకు విలన్. మనం వేసే మందు రక్తం ద్వారానే వెళ్ళాలి. రక్తం లేని ముక్కలోకి ఏ మందూ వెళ్ళదు, మన శరీరపు రక్షక కణాలూ వెళ్ళవు. సూక్ష్మజీవులు మాత్రం లోపల బంకర్‌లో కూర్చున్నట్లు కూర్చుంటాయి. చుట్టూ కొత్త ఎముక పెరిగి ఆ ముక్కను గోడ కట్టినట్లు మూసేస్తుంది. గోడకు కన్నం పడి చీము బయటికి కారుతుంది. మొదటి కొద్ది రోజుల్లోనే పట్టుకుంటే ఒక్క మందుతోనే నయం కావచ్చు. ముక్క చచ్చాక దాన్ని తీయవలసిందే.

ఎక్స్-రే మాట కూడా చెప్పాలి, ఎందుకంటే నన్ను మోసం చేసింది అదే. ఎముకలోని ఖనిజం మూడో వంతుకు పైగా కరిగితే గాని ఎక్స్-రేలో తేడా కనిపించదు. దానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. రెండో రోజు తీసిన ఎక్స్-రే బాగుందంటే ఎముక విరగలేదని మాత్రమే అర్థం. ఈ రోజుల్లో ఎం.ఆర్.ఐ. ఉంది, అది కొద్ది రోజుల్లోనే పట్టేస్తుంది. రక్త పరీక్షల్లో ఈ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అనే రెండు ఉంటాయి. సి.ఆర్.పి. త్వరగా పెరుగుతుంది, జబ్బు తగ్గితే త్వరగా దిగుతుంది. కాబట్టి మందు పనిచేస్తోందో లేదో దాన్ని బట్టి చూస్తాం. మందు మొదలుపెట్టే ముందే రక్తం కల్చర్‌కు పంపాలి. ఇవన్నీ డాక్టర్ల పని. మీ పని ఒకటే. జ్వరంతో ఉన్న పిల్లవాడు కాలు నేలకు ఆనించకపోయినా, చెయ్యి కదపకపోయినా, అది ఎముకలోనో కీలులోనో చీము కావచ్చునని అనుకుని అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళండి. కాపడం పెట్టి, నూనె రాసి చూద్దామనుకోవద్దు. డాక్టరు గారు "పిల్లలంతా అంతే" అంటే, ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

రెండో మనిషి శ్రీకాకుళం జిల్లా హవల్దార్. 2003లో నా దగ్గరికి వచ్చాడు. ఇక్కడ ఉన్న సర్వీసు సోదరులు కొంచెం శ్రద్ధగా వినాలి.

అతను 1992లో కాశ్మీర్‌లో గ్రెనేడ్ ముక్క తగిలి ముంగాలి ఎముక విరగ్గొట్టుకున్నాడు. చర్మం చీలి ఎముక బయటపడ్డ దెబ్బ. ఆపరేషన్ చేశారు, బయటి నుంచి రాడ్లు బిగించారు, అతుక్కుంది, యూనిట్‌కు వెళ్ళాడు. ఏడాది తర్వాత మచ్చ పక్కన చిన్న పొక్కు లేచి చితికింది, రెండు చుక్కల చీము కారింది, మూసుకుపోయింది. అయిదారు నెలలకు మళ్ళీ. ఇలా పదకొండేళ్ళు! రోజూ ఉదయం దూది పెట్టి, పైన బ్యాండేజ్ చుట్టి, దాని మీద మేజోడు లాక్కుని పి.టి.కి వెళ్ళాడు. కారడం ఎక్కువైనప్పుడల్లా బజారులో మాత్రలు కొనుక్కున్నాడు. వార్షిక వైద్య పరీక్షలకు కన్నం మూసుకుని ఉన్న రోజులు చూసుకునేవాడట. నా గదిలో తలుపు వేసి అతను అన్న మొదటి మాట, "సాబ్, మందిస్తే చాలు. కాగితం మీద రాయకండి."

ఎందుకో మీకు నేను చెప్పనక్కరలేదు. షేప్-వన్ పోతుందని. షేప్ అనే మాటలో 'ఏ' అక్షరం కాళ్ళు చేతులకు సంబంధించినది. అందులో ఒక అంకె మారితే కోర్సు పోతుంది, ప్రమోషన్ పోతుంది, ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి ఆగుతుంది. ఇవన్నీ అతని లెక్కలో ఉన్నాయి. కాలు మాత్రం ఆ లెక్కలో లేదు.

"రాయకపోతే ఎక్స్-రే ఎలా తీయించను?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే బూటు విప్పాడు.

ఎక్స్-రేలో చచ్చిన ముక్క చుట్టుపక్కల ఎముక కంటే తెల్లగా, విడిగా కనిపించింది. వేలెడంత ఉంది. ఇక కల్చర్ సంగతి. కన్నం అంచున దూది పుల్లతో రుద్ది పంపించడం చాలాచోట్ల అలవాటు. దానితో పెద్దగా లాభం లేదు. గడప దగ్గర నిలబడ్డవాళ్ళ పేర్లు రాసుకుని, ఇంట్లో వాళ్ళు వీళ్ళే అనుకోవడం లాంటిది అది. అసలు శత్రువు లోపలి ఎముకలో ఉంటాడు, అక్కడి ముక్కే పరీక్షకు పంపాలి. దానికి ముందు, మనిషికి జ్వరం, ప్రమాదం లేకపోతే రెండు వారాలు మందులన్నీ ఆపమంటాం. రోగులకు ఇది వింతగా ఉంటుంది. "చీము కారుతుంటే మందు ఆపమంటారేమిటి సాబ్?" అని అతనూ అడిగాడు. మందు ప్రభావంలో సూక్ష్మజీవి కల్చర్‌లో మొలకెత్తదు, పేరు తెలియదు. పదకొండేళ్ళు బజారు మాత్రలు మింగడం వల్ల అతనికి జరిగిన నష్టం అదే. జబ్బు పోలేదు, మాత్రలకు లొంగని జాతి మాత్రం మిగిలింది.

ఆపరేషన్‌లో చచ్చిన ముక్క తీశాం. దాని వెనక గోకుతుంటే పరికరానికి ఏదో మెత్తగా తగిలింది. లాగితే గుడ్డ పీలిక. గోరంత ఉంటుంది. కడిగి చూస్తే ఆలివ్ గ్రీన్. 1992లో గ్రెనేడ్ ముక్కతో పాటు అతని ప్యాంటు గుడ్డ కూడా ఎముకలోకి దూరి, అన్నేళ్ళూ అక్కడే ఉంది. ఇది కొత్త విషయం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు పొలాల్లోని ఎరువు మట్టి, యూనిఫాం పీలికలు గాయాల్లోకి దూరి ఎందరి కాళ్ళో తీయించాయి. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఆ యుద్ధంలో ఫ్రాన్సులోని సైనిక ఆస్పత్రిలో పనిచేస్తూ, లోతైన గాయాల్లో ఘాటైన మందు నీళ్ళు పోయడం వల్ల సూక్ష్మజీవుల కంటే మన తెల్ల కణాలకే ఎక్కువ నష్టమని చూపించాడు. గాయాన్ని తెరిచి, చచ్చినదంతా తీసేసి, కడగడమే అసలు మందు. నూరేళ్ళు దాటినా అది మారలేదు.

ఎంతవరకు తీయాలి అంటే, చెక్కుతూ పోతే తెల్లని ఎముక మీద ఎర్రని రక్తపు చుక్కలు కారప్పొడి చల్లినట్లు కనిపించాలి. అక్కడ ఆగాలి. అక్కడి నుంచి ప్రాణమున్న ఎముక. మిగిలిన గుంటను ఖాళీగా వదిలితే మళ్ళీ చీము నిండుతుంది. అందుకని జెంటామైసిన్ కలిపిన సిమెంటు పూసలు తీగకు గుచ్చి దండలా పెట్టాం. కొన్ని వారాల తర్వాత పూసలు తీసి, పిక్క కండను తిప్పి గుంట మీద కప్పాం. ఇప్పుడు వాటంతట అవే కరిగిపోయే పూసలూ వచ్చాయి. ఆరు వారాలు మందులు. కన్నం అంచు చర్మాన్ని బయాప్సీకి పంపాం, క్యాన్సర్ లేదని వచ్చింది.

క్యాన్సర్ ఎందుకు వస్తుందంటారా? ఏళ్ళ తరబడి కారే కన్నం అంచున చర్మం క్యాన్సర్‌గా మారవచ్చు. అరుదే గాని, నేను చూశాను. 1971 యుద్ధంలో గాయపడ్డ ఒక పెద్దాయన 2006లో వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుగా కారుతున్న కన్నం, ఆ ఏడాది నుంచి రక్తం, దుర్వాసన. కాలు మోకాలి కింద తీయక తప్పలేదు. మన పూణెలోనే 1944 నుంచి ఉన్న కృత్రిమ అవయవాల కేంద్రంలో కాలు అమర్చుకుని నడుచుకుంటూ వెళ్ళాడు. "ముందే వచ్చి ఉంటే ఇది ఉండేదా బాబూ?" అని కాలు చూపించి అడిగాడు. ఉండేదనే చెప్పాను.

హవల్దార్ సంగతి ముగించనివ్వండి. కేటగిరీ తగ్గింది. ప్రమోషన్ ఆలస్యమైంది. ఆ మాట దాచితే మీరు నన్ను నమ్మరు. ఏడాదిన్నరకు కాలు శుభ్రమై మళ్ళీ బోర్డుకు వెళ్ళాడు. తొలి ఏడాదే వచ్చి ఉంటే చిన్న ఆపరేషన్‌తో పోయేది, బోర్డు కూడా మామూలుగానే ముగిసేదని నా అభిప్రాయం. దాచినందువల్ల అతనికి పదకొండేళ్ళు ప్రమోషన్ దక్కలేదు, చీము దక్కింది. ఇక్కడ ఉన్న జే.సీ.ఓ. సోదరులకు ఒక మనవి. మీ ప్లాటూన్‌లో కాలు దాచుకునే కుర్రాడు ఉన్నాడంటే, వాడు భయపడుతున్నది డాక్టరుకు కాదు, మీకు.

చీము పట్టి ఎముక అతుక్కోనివాళ్ళు, తీసేశాక అంగుళాల కొద్దీ ఎముక మిగలనివాళ్ళు ఉంటారు. వాళ్ళ కోసం ఇలిజారోవ్ పద్ధతి ఉంది. ఆయన సైబీరియాలోని కుర్గాన్ పట్టణంలో రెండో ప్రపంచ యుద్ధపు క్షతగాత్రుల కాళ్ళ మీద పనిచేస్తూ దాన్ని రూపొందించాడు. కాలి చుట్టూ ఇనుప వలయాలు, సైకిలు చక్రం పుల్లల్లా బిగించిన తీగలు. ఆరోగ్యంగా ఉన్న చోట ఎముకను కోసి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున జరుపుతూ పోతే వెనక కొత్త ఎముక పుడుతుంది. ఆ ఒక్క మిల్లీమీటరునూ నాలుగు విడతలుగా తిప్పాలి. అంటే 5 సెంటీమీటర్లకు 50 రోజులు, అది గట్టిపడటానికి ఇంకా నెలలు. మా వార్డులో కుర్రాళ్ళు స్పానర్ దిండు కింద పెట్టుకుని, ఆరు గంటలకోసారి తమ నట్లు తామే తిప్పుకునేవారు. ఒకరి నట్లు ఇంకొకరు తిప్పి, తర్వాత నా చేత తిట్లు తిన్నవాళ్ళూ ఉన్నారు.

రిటైరై ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఈ జబ్బు బాంబు ముక్కల ద్వారా రాదు. మోటార్ సైకిల్ ద్వారా వస్తుంది. కొడుకో మనవడో బండి మీద నుంచి పడి, ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తే ఏం చేయాలి? పైకి వచ్చిన ఎముకను లోపలికి నెట్టవద్దు. పసుపు, కాఫీ పొడి, స్పిరిట్ ఏదీ పోయవద్దు. శుభ్రమైన తడి గుడ్డ కప్పి, కాలు కదలకుండా కర్రో గొడుగో కట్టి బయలుదేరండి. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వీలైతే గంటలోపు పడాలి. ఆ గంట తేడాతోనే చాలా కాళ్ళ భవిష్యత్తు తేలిపోతుంది. కట్టు కట్టేవారి మీద మన జనానికి నమ్మకం ఉంది. పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగువాడు లేడు. చర్మం చీలని విరుపుల సంగతి నేను ఇక్కడ వాదించను. చర్మం చీలిందంటే మాత్రం అది ఆపరేషన్ థియేటర్ పని, ఏ ఆకు కట్టూ పనికిరాదు.

వెన్నుపూసకు పట్టే టీబీ గురించి రెండు మాటలు. ఎముకల టీబీలో దాదాపు సగం వెన్నులోనే ఉంటుంది. ఇది సెగగడ్డలా మండదు, దొంగలా వస్తుంది. నెలల తరబడి నడుము నొప్పి, పడుకున్నా తగ్గకపోవడం, రాత్రిళ్ళు ఎక్కువ కావడం, సాయంత్రం కొంచెం జ్వరం, ఆకలి మందగించి బరువు తగ్గడం. దగ్గు ఉండాలని లేదు. బరువులు మోసే జవానుకు నడుము నొప్పంటే డిస్కు జారిందనే అందరూ అనుకుంటారు. బెల్టు కట్టించి, లైట్ డ్యూటీ రాసి పంపిస్తారు. ఆరు వారాలకు తగ్గని నొప్పికి, రాత్రి నిద్ర లేపే నొప్పికి ఎం.ఆర్.ఐ. అడగండి. కాళ్ళు బరువెక్కడం, తూలడం, మూత్రం పట్టు తప్పడం కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రిలో ఉండాలి. వెన్నుపాము నొక్కుకుపోతోందని అర్థం. ఒకప్పుడు అందరికీ ఆపరేషన్ చేయాలనేవారు, కొందరు ఎవరికీ వద్దనేవారు. బెనారస్‌లో ప్రొఫెసర్ తులి 1975లో ప్రకటించిన మధ్యేమార్గం మన దేశంలో స్థిరపడింది. అందరికీ మందులు, అవసరమైన కొందరికే కత్తి. మందులు ఏడాది నుంచి ఏడాదిన్నర, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. మూడో నెలలో నొప్పి పోగానే మానేసే మహానుభావులు ఉన్నారు. వాళ్ళను మళ్ళీ చూసినప్పుడు సాధారణంగా స్ట్రెచర్ మీద చూస్తాం.

ఇప్పుడు షుగరు. కార్యదర్శి గారు వద్దన్నారు గాని తప్పదు. ఈ హాల్లో సగం మందికి ఉండి ఉంటుంది.

షుగరు వల్ల అరికాలు స్పర్శ పోతుంది. చెప్పులో గులకరాయి ఉన్నా తెలియదు. ఆనెకాయ కింద పుండు పడుతుంది, నొప్పి ఉండదు కాబట్టి నడుస్తూనే ఉంటాం. నడిచే కొద్దీ లోతై ఎముకను తాకుతుంది. మా అన్నయ్యే దీనికి ఉదాహరణ. ఆయన వాయుసేనలో వారంట్ ఆఫీసరుగా రిటైరై ఊళ్ళో వ్యవసాయం చూసుకునేవాడు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు బొటనవేలు కింద పావలా కాసంత పుండు చూసి అడిగితే, "నొప్పి లేదులేరా" అన్నాడు. నొప్పి లేకపోవడమే జబ్బు అన్నయ్యా అన్నాను. మొద్దు మొన ఉన్న శుభ్రమైన లోహపు పుల్లను పుండులోకి దింపితే గట్టిగా 'టక్' అని తగిలింది. ఎముక అన్నమాట. ఈ చిన్న పరీక్షకు కరెంటు కూడా అక్కరలేదు. అలా తగిలిందంటే ఎముకకు చీము పట్టి ఉండే అవకాశం చాలా ఎక్కువ. దానికి తోడు ఈ.ఎస్.ఆర్. 70 దాటితే అనుమానం ఇంకా బలపడుతుంది. ఎక్స్-రే, ఎముక ముక్క కల్చర్, కాలికి రక్తం ఎంత అందుతోందో చూడడం తర్వాతి మెట్లు.

అన్నయ్య ఒప్పుకోవడానికి పన్నెండు రోజులు పట్టింది. తమ్ముడు డాక్టరైతే వచ్చే చిక్కే ఇది, ఎవరూ వినరు. ఒక వేలు తీయవలసి వచ్చింది, పాదం నిలిచింది. అందరికీ వేలు తీయాలని లేదు. ఎముక తీయకుండా ఆరు వారాల మందులతో, పుండు మీద బరువు పడకుండా ప్రత్యేకమైన కట్టో బూటో వేసి నయం చేసే పద్ధతీ ఉంది. రక్త ప్రసరణ బాగుంటేనే అది ఫలిస్తుంది. బీడీ, సిగరెట్ మానకపోతే ఏదీ ఫలించదు. ఒక హెచ్చరిక కూడా. పుండు లేకుండానే షుగరు మనిషి పాదం ఎర్రగా, వేడిగా వాచిందంటే చీము కాకపోవచ్చు, స్పర్శ లేని కీళ్ళు లోపల చితికి పోతుండవచ్చు. చార్కో పాదం అంటారు. దానికి కాలు కింద పెట్టనివ్వకుండా కట్టు వేయాలి, వైద్యం వేరు.

వరి మళ్ళలో దిగే షుగరు రోగులకు మెలియాయిడోసిస్ అనే ఇంకొకటి ఉంది. నేలలో, నీళ్ళలో ఉండే సూక్ష్మజీవి, దక్షిణ భారతంలోనూ కనిపిస్తుంది, వానాకాలంలో ఎక్కువ. ఊపిరితిత్తులకు, కాలేయానికి, ఎముకలకు చీము పట్టిస్తుంది. వియత్నాం నుంచి వెళ్ళిన అమెరికన్ సైనికుల్లో కొందరికి ఏళ్ళ తర్వాత బయటపడింది. టీబీ అని పొరబడి టీబీ మందులు వాడినా తగ్గకపోతే దీన్ని గుర్తు చేసుకోమని డాక్టరును అడగండి, తప్పు లేదు.

మోకీలు మార్పిడి చేయించుకున్నవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. లోహం మీద సూక్ష్మజీవులు చెరువు మెట్ల మీద పాచిలా జిగురు పొర కట్టుకుంటాయి. నీళ్ళు పోస్తే పాచి పోదు కదా, గోకాలి. మందు కూడా ఆ పొరలోకి సరిగ్గా దిగదు. మార్చిన మోకీలు కొత్తగా నొప్పి పెట్టినా, వాచినా, గాయం నుంచి నీరు కారినా, మందుల షాపుకు వెళ్ళవద్దు. మీకు ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికి వెళ్ళండి. కీలులోని నీరు తీసి పరీక్షించే వరకు ఒక్క మాత్ర కూడా వేసుకోకండి, ఒళ్ళు తెలియని జ్వరం ఉంటే తప్ప. తొలి వారాల్లో అయితే కడిగి, లోహాన్ని అలాగే ఉంచగలం. ఆలస్యమైతే తీసి, మందు కలిపిన సిమెంటు పెట్టి, నెలల తర్వాత మళ్ళీ అమర్చాలి. రెండు పెద్ద ఆపరేషన్లు.

అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఆరు వారాలూ సూదులేనా? మా తరం అలాగే చేసింది. రోగులను వార్డులో ఆరేసి వారాలు సెలైన్ సీసా కింద కట్టేశాం. 2019లో బ్రిటన్‌లో 1,054 మంది మీద జరిపిన అధ్యయనం వెలువడింది. తొలి వారం దాటాక సగం మందికి సూదులు, సగం మందికి సరైన మాత్రలు ఇచ్చారు. ఏడాది తర్వాత వైద్యం విఫలమైనవారు సూదుల వైపు 14.6 శాతం, మాత్రల వైపు 13.2 శాతం. అంటే మాత్రలేమీ తీసిపోలేదు. అయితే అవి కల్చర్ చూసి ఎంచిన మాత్రలు, బజారులో అడిగి కొన్నవి కావు. చచ్చిన ఎముక లోపల ఉంచి మాత్రలు మింగడం కూడా కాదు. ఆరు వారాలు పూర్తిగా వాడాలి, నడుమ కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించాలి.

చివరగా కాగితాల సంగతి. ఈ జబ్బు నలభై ఏళ్ళ తర్వాత కూడా తిరిగి రావచ్చు. అప్పటికి మీకు వైద్యం చేసిన డాక్టరు ఉండడు, ఆస్పత్రి రికార్డు దొరకదు. డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్, కల్చర్ రిపోర్టు, పాత ఎక్స్-రేలు, లోపల పెట్టిన ప్లేటు లేదా కీలు స్టిక్కరు, అన్నీ ఒక ఫైల్లో పెట్టి భార్యకు ఎక్కడుందో చెప్పండి. ఈ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్‌కు వెళ్ళినప్పుడు ఆ ఫైలు తీసుకెళ్ళండి. పాత గాయం మచ్చ ఎర్రబడినా, వేడెక్కినా, రెండు చుక్కలు కారినా, "1992లో ఇక్కడ దెబ్బ తగిలింది" అని మీరే ముందు చెప్పండి. రెఫరల్ రాసే మెడికల్ ఆఫీసరు కుర్ర డాక్టరు అయి ఉంటారు. ఆయనకు ఆ ఒక్క వాక్యం ఎంతో ఉపయోగం.

టీ వచ్చినట్లుంది. పక్క గదిలో ఉంటాను. కాళ్ళు చూపించాలనుకున్నవాళ్ళు మేజోళ్ళు విప్పుకుని రండి, కేటగిరీ రాసే అధికారం నాకిప్పుడు లేదు. నమస్కారం. జై హింద్.